గెలిచిన అధ్యక్షుడికి సెనేట్‌లో అడ్డుకట్ట: 2008 నుంచి నేటి దాకా ఎవరి బాధ్యత ఎంత?

హడ్సన్‌తీరం (న్యూజెర్సీ), చర్చ ప్రారంభించినవారు

ఫెడరల్ ప్రభుత్వం 43 రోజులు మూతపడి 2025 నవంబర్ 12న మళ్లీ తెరుచుకుంది. అప్పటి నుంచి మన తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే వాదన. తప్పు ట్రంప్‌ది అని కొందరు, సెనేట్‌లో 60 ఓట్లు పడకుండా అడ్డుపడిన డెమోక్రాట్లది అని కొందరు. రెండు పక్షాలూ 2025 అక్టోబర్ 1 నుంచే లెక్క మొదలుపెడుతున్నాయి. నేను 2008 నవంబర్ నుంచి మొదలుపెట్టాలంటాను.

ఆ ఎన్నికల్లో ఒబామాకు 365 ఎలక్టోరల్ ఓట్లు, మెకెయిన్‌కు 173 వచ్చాయి. బ్యాంకులు కూలుతున్నాయి, నెలనెలా లక్షల ఉద్యోగాలు పోతున్నాయి. అంతటి కష్టకాలంలో, 2009 ఫిబ్రవరిలో వచ్చిన 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన బిల్లుకు ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ కూడా ఓటు వేయలేదు. సెనేట్‌లో ముగ్గురు వేశారు: మెయిన్ రాష్ట్రానికి చెందిన ఒలింపియా స్నో, సూసన్ కాలిన్స్, పెన్సిల్వేనియాకు చెందిన ఆర్లెన్ స్పెక్టర్. ఆ ఓటు వేశాక సొంత పార్టీలో నిలదొక్కుకునే దారి లేక స్పెక్టర్ ఏప్రిల్‌లోనే డెమోక్రాట్లలో చేరిపోయారు. సహకరించిన మనిషికి దక్కిన ఫలితం అది.

సహకరించనివారికి ఏమి దక్కిందో కూడా చూడండి. 2010 అక్టోబర్‌లో సెనేట్ మైనారిటీ నేత మిచ్ మెకానెల్ ఒక పత్రికతో మాట్లాడుతూ, ఒబామాను ఒక్క పదవీకాలానికే పరిమితం చేయడం తమ అన్నిటికన్నా ముఖ్యమైన లక్ష్యమని దాపరికం లేకుండా చెప్పారు. మరుసటి నెలలోనే రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 63 స్థానాలు అదనంగా గెలుచుకున్నారు. పనులు ఆగిపోతే జనం కోపం అధ్యక్షుడి మీదికి పోతుంది కానీ ఆపినవారి మీదికి పోదని ఆ రోజు రుజువైంది. ఆ తర్వాత పదిహేనేళ్లుగా రెండు పార్టీలూ ఆ రుజువు మీదే నడుస్తున్నాయని నా నమ్మకం. మీ అభిప్రాయాలు చెప్పండి. వ్యక్తిగత దూషణ మాత్రం వద్దు.

డాలస్‌బాబాయి (టెక్సస్)

తమ్ముడూ, నువ్వు 2008 దగ్గర మొదలుపెట్టావు, నేను 1987కు వెళ్తాను. సుప్రీం కోర్టుకు రీగన్ నామినేట్ చేసిన రాబర్ట్ బోర్క్‌ను డెమోక్రాట్ల సెనేట్ 58–42తో తిప్పికొట్టింది. అది ఓటుతో జరిగింది కాబట్టి ఒప్పుకుంటాను. కానీ 2001లో బుష్ నామినేట్ చేసిన మిగెల్ ఎస్ట్రాడా సంగతి ఏమిటి? హోండురాస్ నుంచి వచ్చి కష్టపడి పైకొచ్చిన న్యాయవాది. డీసీ అప్పీల్ కోర్టు పదవికి ఆయన పేరు ఓటింగ్‌కే రానివ్వకుండా డెమోక్రాట్లు ఫిలిబస్టర్ చేశారు, అంటే చర్చ ముగియనివ్వలేదు. రెండేళ్లకు పైగా వేచి చూసి 2003 సెప్టెంబర్‌లో ఆయన తనంతట తాను తప్పుకున్నారు. ఆ ఆయుధాన్ని అప్పీల్ కోర్టుల మీద అలా వరసగా ప్రయోగించింది మా రిపబ్లికన్ పార్టీ కాదు.

ఇక 2009 విషయం. ఆరోగ్య బీమా చట్టం అమెరికా ఆర్థిక వ్యవస్థలో ఆరో వంతును తాకే చట్టం. దాన్ని క్రిస్మస్‌కు ముందు రోజు సెనేట్‌లో 60–39తో, ఒక్క రిపబ్లికన్ ఓటు లేకుండా నెగ్గించుకున్నారు. డెమోక్రాట్ల కంచుకోట మసాచుసెట్స్‌లోనే 2010 జనవరి 19న టెడ్ కెనెడీ స్థానాన్ని రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలిచాడు. ఆ చట్టాన్ని ఆపడానికి 41వ ఓటునవుతానని ఊరూరా చెప్పి గెలిచాడు. జనం అడ్డుకోమని పంపినప్పుడు అడ్డుకోవడం ప్రజాస్వామ్యమే. అధ్యక్షుడు ఒక్కడే గెలవలేదు, ఆ నలభై మంది సెనేటర్లు కూడా తమ తమ రాష్ట్రాల్లో గెలిచే వచ్చారు.

అట్లాంటాఅక్కయ్య (జార్జియా)

బాబాయ్ గారూ, ఎస్ట్రాడా విషయంలో మీ బాధ న్యాయమైనదే. నేను డెమోక్రాట్ల కోసం ఇంటింటికీ తిరిగిన మనిషిని, అయినా అది నాకు నచ్చలేదు.

కానీ మసాచుసెట్స్ ఓటర్లు అడ్డుకోమన్నారు కాబట్టి అడ్డుకున్నామంటే, 2012లో దేశమంతా ఏమి చెప్పింది? ఒబామా 332–206తో మళ్లీ గెలిచారు. సెనేట్‌లో డెమోక్రాట్ల బలం కూడా పెరిగింది. దానికి వచ్చిన స్పందన చూడండి. మీ టెక్సస్ వాళ్లు దేశం నుంచి విడిపోతామని శ్వేతసౌధం వెబ్‌సైట్‌లో పెట్టిన విన్నపానికి లక్షకు పైగా సంతకాలు వచ్చాయి. 2013 ఫిబ్రవరిలో రక్షణ మంత్రి పదవికి చక్ హేగెల్ పేరును 58–40 దగ్గర ఆపారు. ఆయన స్వయంగా మాజీ రిపబ్లికన్ సెనేటర్! రక్షణ మంత్రి నామినేషన్‌ను ఫిలిబస్టర్ చేయడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. పది రోజులు దాటాక అదే మనిషిని 58–41తో ఆమోదించారు. ఆ మధ్యకాలంలో దేశానికి ఒరిగింది ఏమీ లేదు.

ఇవన్నీ పక్కన పెట్టినా నా మనసులోంచి పోనిది ఒకటుంది. 2012 డిసెంబర్ 14న కనెటికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దల్ని కాల్చి చంపారు. నాలుగు నెలల తర్వాత తుపాకీ కొనేవారి పూర్వాపరాల తనిఖీని విస్తరించే సవరణ సెనేట్ ముందుకు వచ్చింది. తయారు చేసినది వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్ జో మాంచిన్, పెన్సిల్వేనియా రిపబ్లికన్ పాట్ టూమీ. ఇద్దరికీ తుపాకీ హక్కుల సంఘాల దగ్గర మంచి పేరే ఉంది. అనుకూలం 54, వ్యతిరేకం 46. ఓడిపోయింది. ఆ పిల్లల తల్లిదండ్రులు గ్యాలరీలో కూర్చుని చూశారు. 54 మంది అవునన్నది ఓడిపోయిందని ఒక తల్లికి ఎలా చెప్పాలి? నాకు ఇప్పటికీ తెలియదు.

వరంగల్‌విద్యార్థి (ఒహాయో)

క్షమించాలి, నేను ఎమ్మెస్ చదవడానికి కొత్తగా వచ్చాను. వంద మంది సభలో 54 ఎందుకు చాలదు? రాజ్యాంగంలో 60 అని రాసి ఉందా? సినిమాల్లో చూపించినట్టు గంటల తరబడి నిలబడి మాట్లాడటమే ఫిలిబస్టర్ అనుకుంటున్నాను. అలాగైతే వాళ్లు అలసిపోయాక ఓటింగ్ పెట్టవచ్చు కదా?

న్యాయరేఖ (వర్జీనియా)

తమ్ముడూ, రాజ్యాంగంలో 60 అనే అంకె లేదు. ఒప్పందాలకు, అభిశంసనకు, వీటో తిరస్కరణకు మూడింట రెండు వంతులు కావాలని ఉంది. మామూలు చట్టాలకు సాధారణ మెజారిటీయే చాలు. 60 అనేది సెనేట్ తనకు తాను పెట్టుకున్న 22వ నియమం.

అది ఎలా వచ్చిందో చెబుతాను. 1806లో సెనేట్ తన నియమాలను సవరించుకుంటూ, చర్చను ఆపి ఓటింగ్‌కు వెళ్లే ఒక పాత తీర్మానాన్ని అక్కర లేదని తీసేసింది. దాంతో చర్చకు ముగింపు పలికే మార్గమే లేకుండా పోయింది. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో, 1917లో, మూడింట రెండు వంతుల ఓటుతో చర్చ ముగించవచ్చని నియమం తెచ్చారు. దానికే క్లోచర్ అని పేరు. 1975లో దాన్ని ఐదింట మూడు వంతులకు, అంటే 60కి తగ్గించారు.

నువ్వు సినిమాల్లో చూసిన ఫిలిబస్టర్ ఒకప్పుడు ఉండేది. 1957లో పౌర హక్కుల బిల్లుకు వ్యతిరేకంగా స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడాడు. 1964 పౌర హక్కుల చట్టాన్ని దక్షిణాది సెనేటర్లు వారాల తరబడి ఆపితే, జూన్ 10న 71–29తో క్లోచర్ నెగ్గి ఆ అడ్డు తొలిగింది. కానీ 1970లలో సెనేట్ కొత్త పద్ధతి పెట్టుకుంది. ఒక బిల్లు ఫిలిబస్టర్‌లో ఉన్నా దాన్ని పక్కన ఉంచి ఇంకో పని చూసుకోవచ్చు. సభ స్తంభించకుండా ఉండాలని చేసిన ఏర్పాటు ఇది. దాని ఫలితం మాత్రం వేరుగా వచ్చింది. అడ్డుకునేవారు నిలబడాల్సిన అవసరం పోయింది, మాట్లాడాల్సిన అవసరం పోయింది. అభ్యంతరం ఉందని తమ నేతకు కబురు పంపితే చాలు. 60 ఓట్లు కూడగట్టే భారమంతా బిల్లు కావాలన్నవారిదే. వద్దన్నవారు క్లోచర్ ఓటింగ్ రోజు సభకు రాకపోయినా పరవాలేదు.

ఇంకొక సంగతి. క్లోచర్ నెగ్గినా మరో 30 గంటల దాకా చర్చ సాగించవచ్చు. అంతకుముందు, క్లోచర్ కోరాక ఓటింగ్ జరిగేలోగా మధ్యలో ఒక రోజు ఆగాలి. 2019 దాకా వివాదం లేని చిన్న నియామకానికి కూడా ఇలా సమయం తీసుకుంటే ఏడాదిలో వారాలకు వారాలు కరిగిపోయేవి. కొన్నిసార్లు అసలు ఉద్దేశం ఓడించడం కాదు, సమయం తినేయడమే.

కృష్ణలంకమాస్టారు (విజయవాడ)

న్యాయరేఖ గారు చెప్పినది చదివాక మన శాసనమండలి గుర్తుకొచ్చింది. నేను రాజనీతి శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ని కాబట్టి ఒక్క పోలిక చెబుతాను.

2019లో వైఎస్సార్ కాంగ్రెస్ 175కు 151 స్థానాలతో గెలిచింది. మండలిలో మాత్రం తెలుగుదేశానిదే ఆధిక్యం. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లును మండలి ఛైర్మన్ షరీఫ్ గారు తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపారు. అయిదు రోజులకు, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 2021 నవంబర్‌లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతకుముందు 1985లో ఎన్టీఆర్ మండలిని నిజంగానే రద్దు చేయించారు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఏమిటంటే, మన రాజ్యాంగం 197వ అధికరణం ప్రకారం మండలి ఒక సాధారణ బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ పంపితే మరో నెల ఆపగలదు. అంతే. తర్వాత శాసనసభ మాటే చెల్లుతుంది. అమెరికా సెనేట్‌కు అలాంటి గడువు లేదు. అక్కడ ఎగువ సభ ఆలస్యం చేయడంతో ఆగిపోదు, బిల్లును పూర్తిగా చంపేయగలదు. పైగా వ్యోమింగ్‌లో 2020 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 5.8 లక్షలు, కాలిఫోర్నియాలో దాదాపు 3.95 కోట్లు. రెండింటికీ ఇద్దరేసి సెనేటర్లు. ఈ అసమానత రాజ్యాంగం పెట్టినది, మార్చడం దాదాపు అసాధ్యం. దాని మీద 60 ఓట్ల నియమం కూడా చేరితే దేశ జనాభాలో ఎంత చిన్న భాగం ఎంత పెద్ద భాగాన్ని ఆపగలదో ఊహించండి.

డాలస్‌బాబాయి (టెక్సస్)

మాస్టారూ, నమస్కారం. మీ పోలిక బాగుంది కానీ నా వైపు నుంచి చూడండి. 151 మంది ఉన్న ప్రభుత్వం ఒక ప్రాంత రైతుల భూముల మీద ఆధారపడిన నిర్ణయాన్ని రెండు మూడు రోజుల్లో మార్చబోతే, ఆగి ఆలోచించమన్న సభ ఒకటి ఉండటం మంచిదా చెడ్డదా? అమరావతి రైతులను అడగండి. అధిక సంఖ్య ఉన్నవాడి చేతికి పగ్గాలు పూర్తిగా ఇవ్వకూడదన్నదే సెనేట్ తత్త్వం. నేను ఈ దేశానికి వచ్చి పౌరసత్వం తీసుకుని చిన్న వ్యాపారం పెట్టుకున్నాను. నాలుగేళ్లకోసారి పన్నులు, నిబంధనలు, బీమా నియమాలు అన్నీ తలకిందులైతే నాలాంటివాడు బతకలేడు. ఏది మారినా నిదానంగా, ఇరుపక్షాల అంగీకారంతో మారాలి.

విడిపోయే విన్నపం సంగతి అక్కయ్య అన్నారు. నేను సంతకం చేయలేదు. చేసినవారిని సమర్థించను కూడా.

మరి 2013 నవంబర్ 21న అప్పటి సెనేట్ మెజారిటీ నేత, డెమోక్రాట్ హ్యారీ రీడ్ ఏమి చేశారు? 52–48తో నియమం మార్చి, సుప్రీం కోర్టు మినహా మిగతా నియామకాలన్నిటికీ సాధారణ మెజారిటీ చాలన్నారు. ముగ్గురు డెమోక్రాట్లే దాన్ని వ్యతిరేకించారు, వారిలో మిషిగన్‌కు చెందిన కార్ల్ లెవిన్ వంటి పెద్దమనిషి ఉన్నారు. మీరు అనుకున్నదానికన్నా ముందే దీనికి విచారిస్తారని మెకానెల్ అదే రోజు సభలో హెచ్చరించారు. ఆ తర్వాత ఏడాదే సెనేట్ మా పార్టీ చేతికి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టుకు కూడా అదే పద్ధతి వర్తింపజేసి గోర్సచ్‌ను 54–45తో నియమించారు. దారి వేసింది డెమోక్రాట్లు.

హడ్సన్‌తీరం (న్యూజెర్సీ)

బాబాయ్ గారూ, రీడ్ ఆ దారి ఎందుకు వేశారో కూడా చెప్పాలి. డీసీ అప్పీల్ కోర్టులో మూడు ఖాళీలకు ఒబామా ముగ్గురిని పంపారు: పట్రీషియా మిల్లెట్, నీనా పిల్లార్డ్, రాబర్ట్ విల్కిన్స్. ముగ్గురినీ ఆపారు. ప్రధానంగా చెప్పిన అభ్యంతరం వారి అర్హత మీద కాదు. ఆ కోర్టులో పని తక్కువగా ఉంది, అంతమంది న్యాయమూర్తులు అక్కర లేదన్నారు. అంతకు కొన్ని నెలల ముందే అదే కోర్టుకు శ్రీ శ్రీనివాసన్‌ను 97–0తో ఆమోదించారు. అంటే ఆ కోర్టులో బలాబలాలు మారబోయే సరికి ఖాళీలే అనవసరమయ్యాయి. రిచర్డ్ కార్డ్రేను చూడండి. 2011లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు అధిపతిగా నామినేట్ చేసేనాటికే, ఆ సంస్థ స్వరూపమే మార్చేదాకా ఎవరినీ ఆమోదించబోమని 44 మంది రిపబ్లికన్ సెనేటర్లు లేఖ రాసి ఉన్నారు. చట్టాన్ని సభలో ఓడించలేక, దాన్ని నడిపే మనిషిని ఆపి చట్టాన్ని నిర్వీర్యం చేయాలని చూశారు. దీన్ని మైనారిటీ రక్షణ అని నేను పిలవలేను.

అట్లాంటాఅక్కయ్య (జార్జియా)

2016 గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫిబ్రవరి 13న సుప్రీం కోర్టు న్యాయమూర్తి జస్టిస్ స్కాలియా చనిపోయారు. మార్చి 16న ఒబామా మెరిక్ గార్లాండ్ పేరు పంపారు. ఎన్నికల ఏడాదిలో ప్రజలే నిర్ణయించాలంటూ మెకానెల్ నడిపిన సెనేట్ కనీసం విచారణ కూడా జరపలేదు. 293 రోజుల తర్వాత ఆ నామినేషన్ కాలం చెల్లిపోయింది. 2020 సెప్టెంబర్ 18న జస్టిస్ గిన్స్‌బర్గ్ చనిపోయారు. అదే మెకానెల్, అదే సెనేట్, అక్టోబర్ 26న ఎమీ కోనీ బారెట్‌ను 52–48తో నియమించారు. ఎన్నికలకు ఎనిమిది రోజుల ముందు! అప్పటికే కోట్ల మంది ఓట్లు వేసేశారు. నాలుగేళ్ల క్రితం చెప్పిన సూత్రం ఏమైంది? బాబాయ్ గారూ, దీనికి మీరు నిజాయితీగా జవాబివ్వాలి.

మా జార్జియాలో ఆ నవంబర్‌లో ట్రంప్ 11,779 ఓట్ల తేడాతో ఓడిపోయారు. చేత్తో లెక్కించారు, యంత్రంతో మళ్లీ లెక్కించారు. అయినా జనవరి 2న ఆయన మా రాష్ట్ర కార్యదర్శికి ఫోన్ చేసి 11,780 ఓట్లు కనుక్కోవాలని అడిగారు. మా రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ రిపబ్లికనే. ఆయన ఒప్పుకోలేదు. మూడు రోజులకు మా రెండు సెనేట్ స్థానాల తుది పోరు జరిగింది. ఫోర్సైత్, గ్విన్నెట్ కౌంటీల్లో మన తెలుగు కుటుంబాలు చలిలో బారులు తీరడం నేను కళ్లారా చూశాను. ఆసాఫ్, వార్నాక్ ఇద్దరూ గెలిచి సెనేట్ 50–50 అయింది. ఆ సంతోషం ఒక్క రోజైనా నిలవలేదు. మర్నాడే క్యాపిటల్ మీద దాడి జరిగింది.

డాలస్‌బాబాయి (టెక్సస్)

అక్కయ్యా, నిజాయితీగా అడిగావు కాబట్టి అలాగే చెబుతాను. బారెట్ నియామకం రాజ్యాంగబద్ధమే. గార్లాండ్‌ను ఆపడం కూడా రాజ్యాంగబద్ధమే. కానీ 2016లో చెప్పిన కారణం 2020లో నిలబడదు. బలం ఉంది కాబట్టి చేశామని సూటిగా చెప్పి ఉంటే నేను గౌరవించేవాణ్ని.

జనవరి 6 గురించి నాకు రెండో మాట లేదు, అది నేరం. ఆ రాత్రి సెనేట్ మళ్లీ సమావేశమై, అరిజోనా ఓట్ల మీద అభ్యంతరాన్ని 93–6తో తోసిపుచ్చింది. మా పార్టీ సెనేటర్లలో అత్యధికులు ఆ 93లో ఉన్నారు. అది కూడా గుర్తుంచుకోండి.

ఓడిపోయినవారు ఫలితాన్ని శంకించడం ఆ ఏడాదే పుట్టలేదు. 2005 జనవరిలో ఒహాయో ఓట్లపై బార్బరా బాక్సర్ అభ్యంతరం చెప్పారు, సెనేట్‌లో ఆమె ఓటు ఒక్కటే పడింది. 2017 జనవరిలో ట్రంప్ గెలుపు మీద కొందరు డెమోక్రాట్ ప్రతినిధులు లేచి నిలబడితే, సభాధ్యక్ష స్థానంలో ఉన్న బైడెనే వారిని కూర్చోబెట్టారు. రెంటినీ జనవరి 6తో సమానం చేయడం లేదు. వంకర ఎక్కడ మొదలైందో చూపిస్తున్నాను.

వరంగల్‌విద్యార్థి (ఒహాయో)

అందరికీ ధన్యవాదాలు, చాలా తెలుసుకున్నాను. కానీ నాకు అసలు భయం ఒకటుంది. గ్రీన్ కార్డు వరస దశాబ్దాలు పడుతుందని సీనియర్లు అంటున్నారు. దేశాల వారీ పరిమితి తీసేసే బిల్లు ఒకటి దాదాపు నెగ్గిందని విన్నాను. అదీ సెనేట్‌లోనే ఆగిందా?

హడ్సన్‌తీరం (న్యూజెర్సీ)

తమ్ముడూ, నేను ఈ చర్చ మొదలుపెట్టడానికి అసలు కారణం కూడా అదే.

ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. చిన్న దేశమైనా భారతదేశమైనా అదే హద్దు. 2019 జూలై 10న ఈ హద్దును తొలగించే బిల్లు ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. రెండు పార్టీలవారూ అంత పెద్ద సంఖ్యలో కలవడం ఈ రోజుల్లో అరుదు. సెనేట్‌లో దాన్ని ముందుకు తెచ్చినది యూటా రిపబ్లికన్ మైక్ లీ. సహప్రతిపాదకుల్లో కమలా హ్యారిస్ ఉన్నారు.

సమయం ఆదా చేయడానికి మైక్ లీ ఏకగ్రీవ సమ్మతి అడిగారు. ఆ పద్ధతిలో వంద మందిలో ఒక్కరు లేచి అభ్యంతరమంటే చాలు, అక్కడితో ఆగిపోతుంది. ఒకసారి కెంటకీ రిపబ్లికన్ ర్యాండ్ పాల్ ఆపారు. ఇంకోసారి మా బాబాయ్ గారి పార్టీకే చెందిన జార్జియా సెనేటర్ పర్డ్యూ. ఆ తర్వాత నేను అభిమానించే పార్టీ నాయకుడు, ఇల్లినాయ్ డెమోక్రాట్ డిక్ డర్బిన్. ఒకరి అభ్యంతరం తీరిస్తే ఇంకొకరిది పుట్టింది. చివరికి 2020 డిసెంబర్ 2న మార్పులతో సెనేట్‌లో గట్టెక్కింది. కానీ రెండు సభల బిల్లులూ వేరువేరుగా ఉన్నాయి, వాటిని కలిపే వ్యవధి లేకపోయింది. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ ముగిసింది, దాంతో బిల్లు కూడా పోయింది.

ఆ డిసెంబర్ రాత్రి మా మిత్రులు ఫోన్లు చేసి ఏడ్చారు, ఆనందంతో. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికి వచ్చాం. అమ్మ చనిపోతే వీసా స్టాంపింగ్ భయంతో ఊరికి వెళ్లలేకపోయినవారు నాకు తెలుసు. ఇక్కడే పెరిగిన పిల్లలు 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల దరఖాస్తు నీడలోంచి తొలగిపోయి విద్యార్థి వీసా వెతుక్కుంటున్నారు. 365 మంది అవునన్న పని ఇది.

న్యాయరేఖ (వర్జీనియా)

దీనికి ఒక అనుబంధం. 60 ఓట్లు దొరకనప్పుడు రెండు పార్టీలూ వాడే పక్కదారి రీకన్సిలియేషన్. 1974 బడ్జెట్ చట్టం కింద ఆదాయ వ్యయాలకు సంబంధించిన బిల్లుకు సాధారణ మెజారిటీ చాలు. 2017లో ట్రంప్ పన్నుల చట్టం, 2021లో బైడెన్ 1.9 లక్షల కోట్ల డాలర్ల సహాయ చట్టం, 2025 జూలైలో ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ నిర్ణాయక ఓటుతో 51–50గా నెగ్గిన ట్రంప్ పెద్ద బిల్లు, అన్నీ ఈ దారిలోనే వెళ్లాయి. అయితే బడ్జెట్‌కు నేరుగా సంబంధం లేనిది అందులో చేర్చకూడదు. 2021లో డెమోక్రాట్లు వలస సంస్కరణలను చేర్చాలని మూడు రకాలుగా ప్రయత్నిస్తే సెనేట్ పార్లమెంటేరియన్ (సభా నియమాలపై సలహా ఇచ్చే అధికారి) ఎలిజబెత్ మెక్‌డొనో మూడుసార్లూ కుదరదన్నారు. కాబట్టి పన్నులు తగ్గించడానికి 51 చాలు, గ్రీన్ కార్డు వరస సరిచేయడానికి 60 కావాలి. ధనానికి ఒక తలుపు, మనుషులకు ఇంకో తలుపు ఏర్పడ్డాయి. ఇది ఎవరూ కూర్చుని రూపొందించినది కాదు, కానీ ఫలితం ఇదే.

కృష్ణలంకమాస్టారు (విజయవాడ)

అయితే నియమం ఎత్తేయవచ్చు కదా అని అడుగుతారు. 2022 జనవరి 19న ఓటు హక్కుల బిల్లు కోసం డెమోక్రాట్లు ప్రయత్నించారు. సొంత పార్టీ సెనేటర్లు మాంచిన్, కిర్‌స్టన్ సినెమా కాదన్నందుకు 48–52తో వీగిపోయింది. 2025లో ప్రభుత్వం మూతపడిన రోజుల్లో నియమం ఎత్తేయమని ట్రంప్ పదే పదే కోరితే, మెజారిటీ నేత జాన్ థూన్ కుదరదన్నారు. ఆనాడు ఎత్తేయమన్న డెమోక్రాట్లు ఈనాడు దాని చాటునే నిలబడ్డారు. ఏ ఎండకా గొడుగు. అధికారంలో ఉన్నవాడు రేపు ఓడిపోతానని భయపడటమే ఈ నియమానికి ప్రాణం పోస్తోంది.

డాలస్‌బాబాయి (టెక్సస్)

మాస్టారి మాట నిజం. నేను నియమం ఉండాలనేవాణ్నే, కానీ ఇప్పుడున్న రూపంలో కాదు. 2023లో అలబామా సెనేటర్ టబర్‌విల్, మా పార్టీవాడే, గర్భస్రావ ప్రయాణ ఖర్చులు చెల్లించే రక్షణ శాఖ విధానం మీద కోపంతో 400కు పైగా సైనికాధికారుల పదోన్నతులను నెలల తరబడి ఆపాడు. ఆ అధికారులకు ఆ విధానంతో ఏ సంబంధమూ లేదు. అడ్డుకోదలచినవాడు సభలో నిలబడాలి, తన కారణం దేశానికి చెప్పాలి, రాత్రీ పగలూ తన వాళ్లను అక్కడే ఉంచాలి. అంత పట్టుదల లేనివాడికి ఆపే హక్కు ఉండకూడదు.

హడ్సన్‌తీరం (న్యూజెర్సీ)

ఈ ఒక్కచోట మీతో పూర్తిగా ఏకీభవిస్తాను బాబాయ్ గారూ. చర్చ కొనసాగాలనుకునే 41 మంది ప్రతిసారీ సభకు వచ్చి ఓటు వేయాలి. 60 మందిని కూడగట్టే భారం తిరగబడాలి. అప్పుడు ఎవరు ఆపుతున్నారో జనానికి కనిపిస్తుంది, 2010లో లాగా శిక్ష తప్పుడు చిరునామాకు పోదు. ఆ మేరకు మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర లేదు.

అట్లాంటాఅక్కయ్య (జార్జియా)

2026 నవంబర్‌లో 35 సెనేట్ స్థానాలకు ఎన్నికలున్నాయి. మా జార్జియా, బాబాయ్ గారి టెక్సస్ రెండూ అందులో ఉన్నాయి. ఓటు హక్కు ఉన్నవారందరం అభ్యర్థుల సభల్లో ఒకే ప్రశ్న అడుగుదాం: మీ పార్టీ మెజారిటీలో ఉన్నా, మైనారిటీలో ఉన్నా, 41 మంది సభకు వచ్చి నిలబడాలన్న నియమానికి ఓటు వేస్తారా? జవాబు రాతపూర్వకంగా అడగండి. వచ్చిన జవాబులను ఇక్కడే పెడదాం. నేను మా రాష్ట్రంలో రెండు పార్టీల అభ్యర్థులనూ అడుగుతాను.

డాలస్‌బాబాయి (టెక్సస్)

మా ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) 2026 మార్చి 3న. నేను అంతకుముందే అడుగుతాను.